పవర్ పెంచకండి, వంతులు వేసుకోండి

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా కాళ్ళ మండలం. నాకు నాలుగు వనామీ రొయ్యల చెరువులున్నాయి. పోయిన పంటప్పుడు ప్రతి చెరువులో డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్), టెంపరేచర్ చూసే సెన్సర్ బాక్స్ పెట్టించాను. అవి లోరా అనే, తక్కువ పవర్‌తో ఎక్కువ దూరం వెళ్ళే రేడియో మీద మకాంలో ఉన్న రిసీవర్‌కి లెక్క పంపిస్తాయి, అక్కడి నుంచి సిమ్ ద్వారా నా ఫోన్‌కి వస్తుంది. నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల స్టార్టర్లను కూడా దీనికే కలిపారు. ఆ పంటంతా బాగా పనిచేసింది. ఈ పంటకి మా పక్క చెరువుల రైతు, నాకు వరసకు బావగారు, అదే కుర్రాడి చేత అదే రకం బాక్సులు ఆరు పెట్టించారు. అప్పటి నుంచి రాత్రిళ్ళు నా లెక్కలు ఆగిపోతున్నాయి. కొన్ని రోజులు బాగుంటుంది, మళ్ళీ రెండు మూడు రోజులు వరసగా పోతుంది. ఒక రాత్రి నా ఫోన్లో ఆయన చెరువు డీవో కనిపించింది. పెట్టిన కుర్రాడు పవర్ ఫుల్‌గా పెట్టేద్దాం, యాంటెన్నా ఇంకో పది అడుగులు లేపుదాం అంటున్నాడు. బావగారేమో నా యాంటెన్నా వల్లే ఆయన లెక్కలు పోతున్నాయంటున్నారు. మా మధ్య మాటలు తగ్గాయి. ఇప్పుడు వెనక చెరువుల రైతు కూడా పెట్టిస్తానంటున్నాడు. తెల్లవారుజామున డీవో ఎంతుందో తెలియక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పవర్ పెంచమంటారా?

సమాధానం: వద్దండి, పవర్ పెంచకండి. యాంటెన్నాని కూడా ప్రస్తుతానికి ఉన్న ఎత్తులోనే ఉంచండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ బాక్సులు పాడవలేదు, బావగారివీ పాడవలేదు. ఒకే కుర్రాడు ఒకే సెట్టింగులతో పెట్టడం వల్ల రెండు సెట్లూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒకే పేర్లతో మాట్లాడుకుంటున్నాయి. మీరూ బావగారూ కలిసి కూర్చుంటే ఇది ఒక్క పూట పని. ఎవరికి వారు విడిగా ఏం చేసినా ఇది తెమలదు.

రేడియో సంగతి తర్వాత చూద్దాం. ఈ రాత్రికే చేయాల్సింది ఒకటుంది. మీ ఫోన్లో ఆయన చెరువు డీవో కనిపించిందని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే భయం వేసిన మాట అదే. మీ రిసీవర్ ఆయన బాక్సు పంపిన మెసేజ్‌ని మీదే అనుకుని తీసుకుంది. అలాంటప్పుడు ఆయన రిసీవర్ పంపిన ఆదేశాన్ని మీ స్టార్టర్ కూడా తనకే అనుకోవచ్చు. ఆయన చెరువులో డీవో 6 ఉందని ఆయన రిసీవర్ ‘ఆపు’ అంటే మీ చెరువులో ఏరియేటర్లు ఆగిపోతాయి. రాత్రంతా నీళ్ళలోని ప్లాంక్టన్ (కంటికి కనిపించనంత చిన్న నాచు) కూడా ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉంటుంది, ఎండ లేదు కాబట్టి తిరిగి ఇవ్వదు. అందుకే తెల్లవారుజామున డీవో అట్టడుగుకి వస్తుంది. ఆ వేళ లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందకి దిగితే రొయ్య ఎంత ఇబ్బంది పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ఈ గొడవ తేలేదాకా స్టార్టర్లను ఆటో నుంచి తీసేసి చేత్తో నడపండి. బావగారిని కూడా అలాగే చేయమనండి. కాపలా మనిషికి చేతి డీవో మీటర్ ఇచ్చి అర్ధరాత్రి దాటాక ఒకసారి, మూడింటికి ఒకసారి, తెల్లవారే ముందు ఒకసారి చూడమనండి.

ఇక అసలు విషయం. ఫోన్లో లెక్క సరిగా లేదంటే దానికి మూడు కారణాలుంటాయి, మూడింటికీ మందు వేరు. లెక్క అసలు రాకపోవడం ఒకటి. వేరేవాళ్ళ లెక్క రావడం ఒకటి. మీ చెరువుదే వచ్చినా అంకె తప్పుగా ఉండటం మూడోది. ఈ మూడోది రేడియో వల్ల దాదాపుగా రాదు. లోరా మెసేజ్ చివర మామూలుగా సరిచూసుకునే కోడ్ ఉంటుంది, దారిలో పాడైతే రిసీవర్ ఆ మెసేజ్‌ని మొత్తంగా పారేస్తుంది, అంకె మార్చి చూపించదు. ఒక బాక్స్ ఎప్పుడూ చేతి మీటర్ కంటే ఒకటి తక్కువో ఎక్కువో చూపిస్తుంటే ప్రోబ్ మీద నాచు పట్టిందేమో చూసి కడగండి, కాలిబ్రేషన్ చేయించండి. అలాగే ఏరియేటర్లు స్టార్ట్ అయిన క్షణంలోనే బాక్స్ ఆగిపోయి మళ్ళీ లేస్తుంటే వోల్టేజ్ పడిపోతోందన్నమాట. దానికి విడిగా బ్యాటరీ, చిన్న సోలార్ ప్లేట్ పెడితే సరిపోతుంది. మీకున్నవి మొదటి రెండు ఇబ్బందులు. అవి రెండూ ఒకే చోట పుట్టినా ఒకే మందుకి పోవు. చాలామంది పొరబడేది ఇక్కడే.

వేరేవాళ్ళ లెక్క రాకుండా ఆపేది పేరు. ప్రతి మెసేజ్‌లో గ్రూప్ నంబర్, బాక్స్ నంబర్ ఉంటాయి. లోరాలో సింక్ వర్డ్ అని ఇంకొకటి ఉంటుంది, మెసేజ్ మొదట్లో వచ్చే గుర్తు అది. సొంతంగా కట్టుకునే సెట్లకి మామూలుగా హెక్సాలో (కంప్యూటర్ల పదహారు అంకెల లెక్కలో) 12, లోరావాన్ (లోరా మీద నడిచే ప్రామాణిక పద్ధతి) పబ్లిక్ నెట్‌వర్కులకి 34 అని వాడతారు. కంపెనీ నుంచి వచ్చిన 12నే రెండు చోట్లా ఉంచేసి, బాక్సులకి 1, 2, 3, 4 అని నంబర్లు వేసుకుంటూ పోతే మీ 2వ చెరువూ ఆయన 2వ చెరువూ రిసీవర్‌కి ఒక్కటే. గ్రూప్ నంబర్ మార్చి, బాక్స్ నంబర్లు ఎక్కడా రెండోసారి రాకుండా వేస్తే ఆ తికమక పోతుంది. ఉదాహరణకి మీవి 11 నుంచి 14, ఆయనవి 21 నుంచి 26.

కుర్రాడు ఇంతవరకు చేసి ‘అయిపోయింది’ అనొచ్చు. అవ్వలేదు. పేరు మారిస్తే మీ రిసీవర్ ఆయన మెసేజ్‌ని పట్టించుకోవడం మానేస్తుంది. అంతేగాని ఆ మెసేజ్ గాలిలో లేకుండా పోదు. ఆయన బాక్స్ పంపుతున్న క్షణంలోనే మీ బాక్స్ కూడా అదే ఫ్రీక్వెన్సీ మీద పంపితే రెండు తరంగాలూ మీ యాంటెన్నా దగ్గర కలిసిపోతాయి, గుద్దుకుని రెండూ చెడిపోతాయి. లేదా బలమైనది బతికి బలహీనమైనది పోతుంది. లోరాలో సుమారు 6 డెసిబెల్స్ తేడా ఉంటే బలమైనది నిలబడుతుంది. అందుకే మీ నాలుగు బాక్సుల్లో మకాంకి దూరంగా ఉన్నదాని లెక్కే ముందు పోతుంటుంది. గమనించి చూడండి. ఈ గుద్దుకోవడాన్ని ఆపేది పేరు కాదు, ఛానల్. అంటే వేరే ఫ్రీక్వెన్సీ. ఛానల్ ఒకటే అయినప్పుడు వేళ మార్చుకోవాలి.

రెండు మూడు రోజులు వరసగా పోయి మళ్ళీ బాగుపడుతోందన్నారు. దీన్ని వర్షం వల్లనో, అమావాస్య వల్లనో అనుకునేవాళ్ళున్నారు. నాకు కనిపిస్తున్న కారణం గడియారం. బాక్సుల్లో ఉండే మామూలు క్రిస్టల్ గడియారం పది లక్షల్లో 20 వంతుల దాకా తప్పు నడవొచ్చు, అంటే రోజుకి 1.7 సెకన్లు. మీ బాక్సుకీ ఆయన బాక్సుకీ అందులో సగం, రోజుకి 0.86 సెకను తేడా ఉందనుకుందాం. ఇద్దరూ నిమిషానికోసారి పంపుతున్నారనుకుంటే ఆయన మెసేజ్ మీ మెసేజ్ వైపు రోజుకి 0.86 సెకను చొప్పున జరుగుతూ వస్తుంది. ఒక రోజు తాకుతుంది, మీదుగా జరుగుతూ అవతలికి పోతుంది. ఆ జరిగినంతసేపూ ప్రతి నిమిషం, ప్రతి మెసేజ్ గుద్దుకుంటూనే ఉంటుంది. దాటిపోయాక చాలా రోజులు హాయిగా ఉంటుంది. పదింటికి పది బాక్సులు ఇలా ఒకదాని మీదుగా ఒకటి జరుగుతుంటే ఇవాళ ఈ చెరువు, రేపు ఆ చెరువు అన్నట్టుంటుంది.

రాత్రిళ్ళే ఎందుకంటే, ఇలాంటి బాక్సుల్లో చాలావాటికి డీవో బాగున్నప్పుడు పది నిమిషాలకోసారి, తగ్గాక నిమిషానికోసారి పంపే ఏర్పాటు ఉంటుంది. మీవి కూడా అలా ఉన్నాయేమో కుర్రాడిని అడగండి. పగలు పది నిమిషాలకోసారి పంపేటప్పుడు రెండూ ఒకే నిమిషంలో పడాలి, ఒకే సెకనులో పడాలి. రాత్రి ప్రతి నిమిషం పంపేటప్పుడు సెకను కలిస్తే చాలు. అంటే సమాచారం మనకి ఎప్పుడు బాగా కావాలో అప్పుడే గాలి కిక్కిరిసిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కరెంటు మీద నడిచే బాక్సులన్నీ ఒకే క్షణంలో లేస్తాయి, ఒకే లెక్కతో పంపడం మొదలుపెడతాయి. మెసేజ్ అందలేదని తెలిసి మళ్ళీ పంపేటప్పుడు కూడా ఇద్దరూ సరిగ్గా ఒకే విరామం తీసుకుంటే మళ్ళీ గుద్దుకుంటారు.

ఇది కొత్త సమస్య కాదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపినప్పుడు ఎదురైనది ఇదే. దానికి అలోహా అని పేరు పెట్టారు. ఎవరికి పంపాలనిపిస్తే వాళ్ళు పంపేయడం, అందకపోతే కాసేపాగి మళ్ళీ పంపడం ఆ పద్ధతి. అలా చేస్తే ఎంత చేసినా ఛానల్ సమయంలో సుమారు 18 శాతానికి మించి పనికిరాదని లెక్క తేలింది. మీ చెరువుల మీదున్న బాక్సులు ఇవాళ చేస్తున్నది కూడా అదే అలోహా. ఆ లెక్కని మీ పది బాక్సులకి వేసి చూద్దాం.

లోరాలో స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, 7 నుంచి 12 వరకు. అంకె పెరిగేకొద్దీ దూరం ఎక్కువ వెళ్తుంది, కానీ ఒక్కో మెట్టుకీ మెసేజ్ పట్టే సమయం దాదాపు రెట్టింపవుతుంది. 20 అక్షరాల చిన్న మెసేజ్, 125 కిలోహెర్ట్జ్ ఛానల్ వెడల్పు తీసుకుంటే 7లో సుమారు 57 మిల్లీసెకన్లలో అయిపోతుంది. 12లో 1.32 సెకన్లు పడుతుంది. ఇరవై మూడు రెట్లు! దూరం ఎక్కువ రావాలని పెట్టేవాళ్ళు చాలాసార్లు 12 పెట్టి వెళ్ళిపోతారు. పది బాక్సులు 12లో నిమిషానికోసారి, ఎవరి వేళ వారిదిగా పంపుతున్నాయనుకుంటే సుమారు మూడింట ఒక వంతు మెసేజ్‌లు గుద్దుకుంటాయి. అవే పది బాక్సులు 7లో పంపితే నూటికి రెండు. ఇందాకటి గడియారపు తేడా కూడా అంతే. 12లో ఒకదాని మీదుగా ఒకటి జరిగిపోవడానికి మూడు రోజులు పడితే, 7లో మూడు గంటల్లో దాటిపోతుంది. మీ మూడు రోజుల బాధకీ ఈ లెక్కకీ ఇంత దగ్గర పోలిక ఉంది కాబట్టే మీ బాక్సులు 12లోనో 11లోనో ఉన్నాయని నా అనుమానం. కుర్రాడిని ముందు అడగాల్సింది ఇదే.

మీ చెరువులు మకాం నుంచి మహా అయితే అర కిలోమీటరు. మధ్యలో కొండా లేదు, మేడా లేదు, చదునైన నీళ్ళు. యాంటెన్నాలు గట్టు మీద రెండు మూడు మీటర్ల ఎత్తున నిటారుగా ఉంటే 7 చాలు. సరిపోతోందా లేదా అన్నది రిసీవర్‌లోనే కనిపిస్తుంది. ప్రతి మెసేజ్ పక్కన ఆర్ఎస్ఎస్ఐ అని సిగ్నల్ బలం చెప్పే మైనస్ అంకె ఉంటుంది, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ. మామూలు లోరా చిప్ 7లో మైనస్ 123 డీబీఎం దాకా వినగలదు. మీ దూరపు బాక్స్ మైనస్ 105 కంటే మెరుగ్గా, అంటే మైనస్ 100, 90 అలా వస్తుంటే వానకీ తుప్పుకీ పోను ఇంకా మిగులు ఉంటుంది. బాక్స్ మైనస్ 85లో బలంగా వినిపిస్తూ కూడా మధ్యలో లెక్కలు పోతున్నాయంటే అది సిగ్నల్ చాలక కాదు, గుద్దుకునే పోతున్నాయి. అప్పుడు పవర్ పెంచడం వ్యర్థం.

వ్యర్థమే కాదు, నష్టం. దాళ్వాలో గోదావరిలో నీళ్ళు తగ్గిన ఏడాది మన కాలువల మీద ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఎగువ రైతు ఇంజన్ పెట్టి తోడుకుంటే పక్క రైతు ఇంకాస్త పెద్ద ఇంజన్ తెస్తాడు. ఇద్దరికీ డీజిల్ ఖర్చు, శివారుకి చుక్క రాదు. అందుకే వంతులవారీ పద్ధతి వచ్చింది. మీరు పవర్ పెంచితే బావగారి లెక్కలు ఇంకా పోతాయి, ఆయనా పెంచుతారు, నెల తిరిగేసరికి ఇద్దరూ మొదటికే వస్తారు. ఈలోగా ఇద్దరి బ్యాటరీలూ త్వరగా అయిపోతాయి. మీ మెసేజ్‌లు ఇప్పటిదాకా వినిపించని చెరువులకి కూడా వినిపించి వాళ్ళ సెట్లనీ చెడగొడతాయి. మీ సొంత సెట్లో కూడా దూరపు చెరువే శివారు అవుతుంది, మకాం పక్కనున్న బాక్స్ గట్టిగా అరుస్తుంటే దాని గొంతు రిసీవర్‌కి అందదు. నన్నడిగితే దగ్గరి బాక్సులకి పవర్ తగ్గించమంటాను. అన్ని బాక్సులూ రిసీవర్ దగ్గర ఇంచుమించు ఒకే బలంతో వినిపించాలి.

ఎవరు ముందు పెట్టారు, ఎవరి వల్ల ఎవరిది పోతోంది అనే మాట మీ ఇద్దరి మధ్యా వచ్చినట్టుంది. దీని మీద చట్టం ఏమంటుందో తెలిస్తే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు 2005 నుంచి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్, యాంటెన్నాతో కలిపి 4 వాట్లు, వెడల్పు 200 కిలోహెర్ట్జ్ దాటకూడదు. కానీ లైసెన్సు లేనివాళ్ళకి రక్షణ కూడా లేదు. ఇంకొకరి వల్ల నాకు ఆటంకం వస్తోందని ఎవరూ ఫిర్యాదు చేయలేరు. టోల్ గేట్ల దగ్గర ఫాస్టాగ్ చదివే యంత్రాలు కూడా ఈ ఫ్రీక్వెన్సీలోనే పనిచేస్తాయి. ముందొచ్చినందుకు మీకు హక్కు లేదు, తర్వాత వచ్చినందుకు ఆయన తప్పు లేదు. పనిలో పనిగా మీ బాక్సులోని రేడియో మాడ్యూల్ మీద 915 అని ఉందేమో చూడండి. అది అమెరికా వాడుక. మనకి ఆ పక్కనే మొబైల్ ఫోన్ల ఫ్రీక్వెన్సీలున్నాయి, అది వాడకూడదు. 868 అని ఉంటే చాలావరకు 865–867కి తిప్పుకోవచ్చు.

ఇప్పుడు బావగారితో కూర్చోండి. మీరే వాళ్ళ మకాంకి వెళ్తే మంచిది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ఎంచుకోండి, డీవో ఎక్కువగా ఉండే వేళ అది, బాక్సులు కాసేపు ఆపినా చెరువుకి ప్రమాదం లేదు. ముందు ఆయన సెట్ మొత్తం గంటసేపు ఆపి, మీ బాక్సులన్నిటినీ నిమిషానికోసారి పంపమని పెట్టి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. తర్వాత మీది ఆపి ఆయనది చూడండి. మూడో గంట రెండూ కలిపి నడపండి. విడిగా ఒక్కో బాక్సు నుంచి దాదాపు అరవైకి అరవై వచ్చి, కలిపినప్పుడు పడిపోతే ఇక వాదన ఉండదు. పడిపోకపోతే అవి ఒకదాన్నొకటి తాకని రోజు అదన్నమాట, లెక్కలు పోతున్న రోజుల్లో మళ్ళీ చూడండి. మెసేజ్‌లో వరస నంబర్ కూడా పంపేలా పెట్టించండి. 41 తర్వాత 44 వస్తే రెండు పోయాయని అక్కడే తెలుస్తుంది.

తర్వాత ఛానళ్ళు పంచుకోండి. రెండు మెగాహెర్ట్జ్‌లలో మీ ఇద్దరికీ, ఇంకా నలుగురికీ చోటుంది. లోరావాన్ వాళ్ళు మన దేశంలో మొదటగా వాడేవి 865.0625, 865.4025, 865.985. రేపు ఎవరైనా ఆ రకం పెట్టినా తగలకుండా మీరు 865.7, బావగారు 866.3 తీసుకోవచ్చు. రెండింటికీ మధ్య 600 కిలోహెర్ట్జ్ దూరం ఉంటుంది, 125 వెడల్పు మెసేజ్‌కి అది ధారాళం. ఫ్రీక్వెన్సీ ఒకటే ఉంచి మీరు 7, ఆయన 9 స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ పెట్టుకుంటే చాలని కొందరంటారు. కొంత మేలే, పూర్తిగా కాదు. ఆయన బాక్స్ మీ మకాంకి మరీ దగ్గరగా ఉండి చాలా బలంగా వినిపిస్తే వేరే ఫ్యాక్టర్ అయినా మీ బలహీనమైన మెసేజ్‌ని నొక్కేస్తుంది. ఫ్రీక్వెన్సీ మార్చే వీలుండగా దాని మీద ఆధారపడకండి. రిసీవర్ల యాంటెన్నాలు రెండూ ఒకే స్తంభానికి కట్టకండి, కొన్ని పదుల మీటర్ల ఎడం ఉంచండి.

ఛానళ్ళు వేరయ్యాక కూడా మీ నాలుగు బాక్సులు వాటిలో అవి గుద్దుకోవచ్చు. అక్కడ వంతు పెట్టించండి. నిమిషంలో 0వ సెకనులో ఒకటో చెరువు, 15లో రెండు, 30లో మూడు, 45లో నాలుగు. రిసీవర్ సిమ్ ద్వారా సరైన టైం తెలుసుకుని గంటకోసారి బాక్సుల గడియారాలు సరిచేస్తే ఈ వంతు తప్పదు. అంత ఏర్పాటు కుదరకపోతే ప్రతిసారీ పంపే ముందు సున్నా నుంచి పది సెకన్లలోపు ఏదో ఒక వేళ చీటీ తీసినట్టు ఎంచుకునేలా ప్రోగ్రాం మార్చమనండి. రెండు లైన్ల పని అది. ఒకసారి తగిలినా వరసగా తగలవు. పంపే ముందు విని, ఛానల్ ఖాళీగా ఉంటేనే పంపే సౌకర్యం కూడా లోరా చిప్పుల్లో ఉంది. పెట్టించండి కానీ అది ఉందని వంతు మానకండి. మీ తూర్పు చివరి చెరువు బాక్సుకి పడమటి చివరిది వినిపించకపోవచ్చు, మధ్యలో ఉన్న రిసీవర్‌కి మాత్రం రెండూ వినిపిస్తాయి. ఖాళీగా ఉందనుకుని రెండూ పంపితే రిసీవర్ దగ్గర గుద్దుకుంటాయి.

స్టార్టర్లని మళ్ళీ ఆటోలోకి మార్చే ముందు రెండు పనులు చేయించండి, ఇవి లేకుండా మాత్రం వద్దు. మొదటిది తాళం. ఆదేశాలన్నీ ఏఈఎస్-128 అనే రహస్య కోడ్ తాళంతో వెళ్ళాలి, మీ తాళం వేరు, ఆయన తాళం వేరు. కంపెనీ ఇచ్చిన తాళాన్ని అలాగే ఉంచకూడదు. ఆదేశానికి వరస నంబర్ ఉండాలి, పాత ఆదేశం మళ్ళీ వినిపిస్తే స్టార్టర్ పట్టించుకోకూడదు. రెండోది, స్టార్టర్‌కి పదిహేను నిమిషాలపాటు రిసీవర్ నుంచి ఏ మాటా రాకపోతే ఏరియేటర్లు వాటంతటవే ఆన్ అయిపోవాలి. మాట అందకపోతే ఉన్నట్టే ఉండిపోవడం కాదు, ఆన్ అవ్వాలి. కరెంటు బిల్లు కాస్త పెరిగితే పెరగనివ్వండి. రిసీవర్ కాలిపోయినా, సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా చెరువుకి గాలి ఆగకూడదు. పెట్టాక ఒక పగలు రిసీవర్ ఆపేసి నిజంగా ఆన్ అవుతున్నాయో లేదో మీ కళ్ళతో చూడండి.

వెనక చెరువుల రైతు విషయం. ఆయన జిగ్‌బీ అనే ఇంకో రేడియో రకం పెట్టిస్తే అది 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంటుంది, మీ లోరాకి దానితో పేచీ లేదు. దానికి పేచీ వైఫైతో, ముఖ్యంగా గట్ల మీది కెమెరాలతో. జిగ్‌బీకి 11 నుంచి 26 వరకు పదహారు ఛానళ్ళున్నాయి. కెమెరాల వైఫై 1, 6, 11 మీద ఉంటే 15, 20, 25, 26 వాటి సందుల్లోకి వస్తాయి, వాటిలో ఒకటి పెట్టుకోమనండి. పాన్ ఐడీ అని గ్రూప్ నంబర్ ఉంటుంది, అదీ వేరుగా ఉండాలి. ఇక్కడా అంతే, ఐడీ మార్చినంత మాత్రాన గాలి ఖాళీ అవ్వదు.

ఆయన కూడా లోరానే పెట్టిస్తానంటే మూడో రిసీవర్ కొనే ముందు ముగ్గురూ ఆలోచించండి. లోరావాన్ గేట్‌వే (అందరికీ కలిపి ఒకే పెద్ద రిసీవర్) ఒకటి పెట్టుకుంటే అది ఒకేసారి ఎనిమిది ఛానళ్ళు వింటుంది, 7 నుంచి 12 వరకు ఏ ఫ్యాక్టర్‌లో వచ్చినా తీసుకుంటుంది. మీ ముగ్గురి చెరువులకీ మధ్యలో ఉన్న మకాం మీద అది ఒక్కటి చాలు. ఎవరి బాక్సులకి వాళ్ళ తాళాలుంటాయి కాబట్టి మీ డీవో ఆయన ఫోన్లో కనిపించదు. ఏ బాక్స్ ఏ ఛానల్లో, ఎంత పవర్‌తో పంపాలో సర్వరే చూసుకుంటుంది. ఒక్క జాగ్రత్త ఏమిటంటే గేట్‌వే పంపుతున్నంతసేపూ వినలేదు. అందుకని ప్రతి డీవో లెక్కకీ ‘అందింది’ అని జవాబు అడగొద్దు, స్టార్టర్ ఆదేశాలకి మాత్రమే అడగండి. ముగ్గురూ ఒకే పెట్టె మీద ఆధారపడతారు కనుక దానికి మంచి బ్యాటరీ, రెండు సిమ్‌లు పెట్టించండి. స్టార్టర్లు వాటంతటవే ఆన్ అయ్యే ఏర్పాటు అప్పుడు ఇంకా ముఖ్యం.

పెట్టే కుర్రాడికి డబ్బులిచ్చే ముందు ఒక కాగితం రాయించుకోండి. ప్రతి బాక్స్ నంబర్, ఫ్రీక్వెన్సీ, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, పవర్, పంపే వేళ అందులో ఉండాలి. తాళాలు విడిగా రాసి ఎవరివి వాళ్ళు ఇంట్లో దాచుకోండి. ఆ కాగితం నకలు మూడు మకాంలలోనూ గోడకి అంటించండి, రేపు నాలుగో రైతు వస్తే ముందు అది చూసి ఖాళీగా ఉన్న ఛానల్ తీసుకుంటాడు.